నాన్న కంట్లో అమీబా: ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి, బంజారాహిల్స్

నాట్లప్పుడు నాన్న కంట్లో బురదనీళ్లు పడ్డాయి. దగ్గర్లోని క్లినిక్‌లో వైరస్ అనుకుని చుక్కలు రాశారు. నొప్పికి రాత్రిళ్లు నిద్రే లేదు. చివరికి హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్‌కి తీసుకెళ్లాం.

అక్కడ మత్తుచుక్కలు వేసి, నల్లగుడ్డు మీది పుండును సన్నగా గీకి మైక్రోస్కోపులో చూశారు. అకాంతమీబా అనే అమీబా జాతి సూక్ష్మక్రిమి! కాంటాక్ట్ లెన్సులు పెట్టకపోయినా మట్టి, నీళ్ల నుంచి వస్తుందట. దాన్ని చంపే పీహెచ్‌ఎంబీ, క్లోర్‌హెక్సిడిన్ చుక్కలు, రెండూ 0.02 శాతం, మొదట్లో గంటగంటకీ వేశాం. క్రిమి గట్టి పెంకు కట్టుకుని దాక్కుంటుంది, అందుకే నెలల తరబడి వేయాలని డాక్టరమ్మ నాన్నకి బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

మచ్చ మిగిలింది గానీ చూపు నిలిచింది. ఓపీలో రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి. పాత చుక్కమందుల సీసాలన్నీ వెంట తీసుకెళ్లండి, స్టెరాయిడ్ ఉందేమో చూస్తారు.