శూన్యవాదం ఎవరి నోట వినాలి? మూడు దారుల్లో ఏది మేలు?

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మండపంలో ఆదివారం పొద్దున్నే ఆరేడుగురం కూర్చుంటాం. నల్లగొండ నుంచి బండి మీద పది నిమిషాల దారి. ఎండ ఎక్కేదాకా ఏదో ఒక శాస్త్ర గ్రంథం చదువుకుని లేస్తాం. మొన్న చలికాలంలో, చండూరు వైపు నుంచి వచ్చే నేత పని అన్న ఒక ప్రశ్న వేశాడు.

"సారూ, నాగార్జునుడు అంతా శూన్యమన్నడంటరు గదా. మరి నేను నేసిన బట్ట గూడ శూన్యమేనా? శూన్యమైతే చలి ఎట్ల ఆగుతది?"

మా దగ్గర మూడు జవాబులు వచ్చాయి, మూడూ తేలిపోయాయి. సంస్కృతం చెప్పి రిటైరైన పంతులు గారు శంకర భాష్యంలోని మాట చెప్పారు. గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడు నోట్సులో రాసుకున్న రెండు వాక్యాలు చదివాడు. నేను నాగార్జునుడి మూలమధ్యమకకారికలో నాకు గుర్తున్న శ్లోకం ఒకటి చదివి, దాని అర్థం చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. అన్న తల ఊపాడు గానీ ముఖంలో ప్రశ్న అట్లాగే ఉంది. అప్పటినుంచి మాకు ఇదే చర్చ. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి శూన్యవాదం, అంటే దేనికీ సొంత స్వభావం లేదన్న వాదం, తెలుసుకోవాలంటే దాన్ని ఖండించినవాళ్ల పుస్తకాల నుంచి మొదలుపెట్టాలా, ఈ కాలపు దర్శన చరిత్రల నుంచా, లేక నాగార్జునుడి రాత నుంచే నేరుగానా?

మొదటిది పంతులు గారి దారి. మన దగ్గర సంస్కృతం చదివిన ఇళ్లలో బౌద్ధం తెలిసేది ఎక్కువగా పూర్వపక్షంగానే. అంటే ఖండించడానికి ముందు "అవతలివాడు ఇట్లా అంటాడు" అని పెట్టే వాదంగా. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం రెండో పాదంలో శంకరులు బౌద్ధుల మీద పెద్ద చర్చే చేశారు. బయటి వస్తువులు ఉన్నాయనే సర్వాస్తివాదులకు ఓపికగా జవాబు చెప్పారు. ఉన్నది విజ్ఞానమే అనేవాళ్లకు ఇంకా లోతుగా చెప్పారు. శూన్యవాది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో ముందుకు వెళ్లిపోయారు: "శూన్యవాదిపక్షస్తు సర్వప్రమాణవిప్రతిషిద్ధ ఇతి తన్నిరాకరణాయ నాదరః క్రియతే". ఈ పక్షం అన్ని ప్రమాణాలకూ, అంటే తెలుసుకునే ఆధారాలన్నిటికీ, విరుద్ధం కాబట్టి దాన్ని ఖండించాలన్న పట్టింపు కూడా లేదని. పంతులు గారు ఈ వాక్యం నోటికి చదువుతుంటే వినసొంపుగా ఉంటుంది. కానీ ఇందులో నుంచి శూన్యవాది అసలు ఏమన్నాడో ఒక్క ముక్క కూడా తెలియదు. దానికి భాష్యకారుణ్ని తప్పుపట్టను. ఆయన పని సూత్రాలకు అర్థం చెప్పడం, నాగార్జునుడికి వ్యాఖ్య రాయడం కాదు. ఆ పని అక్కడ వెతుక్కుంటే పొరపాటు మనది.

ఇదే దారిలో ఇంకొంచెం ఉదారమైన పుస్తకం సర్వదర్శనసంగ్రహం. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు రాసింది. చార్వాకంతో మొదలై పదహారు దర్శనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, బౌద్ధం రెండోది. ఈ ప్రకరణంలో ఒక ఉపమానం నాకు చాలా ఇష్టం. బుద్ధుడు చెప్పింది ఒక్కటే అయితే నాలుగు బౌద్ధ శాఖలు ఎట్లా పుట్టాయి అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చే జవాబు అది. "గతోऽస్తమర్కః" అని ఒకరు అన్నారనుకోండి. మన మాటలో పొద్దు గూకింది. ఆ మాట విని జారుడు ప్రియురాలి దగ్గరికి పోయే వేళయిందనుకుంటాడు. దొంగ పరుల సొత్తు ఎత్తుకుపోయే వేళ అనుకుంటాడు. వేదం చదివినవాడు తన అనుష్ఠానానికి లేస్తాడు. మాట ఒక్కటే, విన్నవాడి కోరికను బట్టి అర్థం మారింది.

ఇంత అందంగా చెప్పగల గ్రంథకర్త, ఇతరుల మతాన్ని వీలైనంత నిజాయితీగానే పరిచయం చేస్తాడు. అయినా ఆ పుస్తకంలో ప్రతి దర్శనమూ ఒక మెట్టు. దాన్ని దాటి పైకి పోవాలి, అందుకే అక్కడ ఉంది. అది రాసేనాటికి ఫణిగిరి కొండ మీది బౌద్ధ విహారాలు మట్టిలో కలిసి వందల ఏళ్లయింది. లేచి "నేనన్నది అది కాదు" అనే మనిషి ఈ నేల మీద లేడు. వేదాంతం ఇంట్లోనే నేర్చుకున్నవాళ్లకు ఈ దారి సులువు. పరిభాష తెలిసిందే, సంస్కృతమూ అలవాటైందే. ఆ సులువు వల్లే నేను దీన్ని మొదట పెట్టొద్దంటాను. అవతలి పక్షం ఓడిపోయాక పరిచయమైతే దాని బలం మనకు ఎప్పటికీ తెలియదు.

రెండో దారి ఇరవయ్యో శతాబ్దపు దర్శన చరిత్రలు. సురేంద్రనాథ్ దాస్‌గుప్తా అయిదు సంపుటాలు 1922లో మొదలై 1955లో ముగిశాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ రెండు సంపుటాలు 1923, 1927ల్లో వచ్చాయి. మైసూరు హిరియణ్ణ ఒక్క సంపుటంలో 1932లో ముగించారు. పరీక్షకు చదివే మా తమ్ముడికి నేను చెప్పింది హిరియణ్ణ పుస్తకమే. పొదుపైన మాటలు, ఎక్కడా తొందర లేదు, ఏ దర్శనం ఏ ప్రశ్నకు జవాబో వెంటనే పట్టిస్తారు. దాస్‌గుప్తా దగ్గర శాస్త్రం మోత ఎక్కువ, వెతుక్కునేవాడికి నిధి. రాధాకృష్ణన్ వాక్యం ప్రవాహం లాగా పోతుంది, చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ అన్ని నదులూ చివరికి వేదాంతంలోనే కలుస్తున్నట్టు అనిపిస్తుంది.

శూన్యత విషయంలో ఈ దారికి ఒక చిక్కుంది. ఒక్కొక్క పండితుడి చేతిలో ఆ మాట ఒక్కొక్క అర్థం తెచ్చుకుంది. రష్యన్ పండితుడు షెర్బాట్‌స్కీ 1927లో దాన్ని సాపేక్షత అన్నాడు. టి.ఆర్.వి. మూర్తి 1955లో జర్మన్ తత్వవేత్త కాంట్‌ను తోడు పెట్టుకుని చదివి, మాటలకు అందని ఒక పరమార్థం వైపు నడిపించారు. శ్రీలంకకు చెందిన కలుపహన 1986లో అదంతా పక్కకు నెట్టి, నాగార్జునుడు పాత బుద్ధవచనాన్నే మళ్లీ చెప్పాడన్నారు. ముగ్గురూ పెద్ద పండితులే. మూలం తెలియనివాడు ఈ ముగ్గురిలో ఎవరి వైపు మొగ్గాలి? పొద్దు గూకిందన్న మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఇంకో సంగతి తేదీలు చూస్తే తెలుస్తుంది. నాగార్జునుడి విగ్రహవ్యావర్తని చాలాకాలం చైనా, తిబెత్తు అనువాదాల్లోనే మిగిలింది. రాహుల్ సాంకృత్యాయన్ 1936లో తిబెత్తులో దాని సంస్కృత ప్రతి కనుక్కున్నారు, 1937లో అది అచ్చయింది. అంటే పైన చెప్పిన మూడు చరిత్రల్లోనూ బౌద్ధం భాగాలు రాసేనాటికి ఆ సంస్కృత మూలం ఎవరి చేతిలోనూ లేదు. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. ఎందుకంటే మా అన్న ప్రశ్నకు జవాబు సరిగ్గా ఆ పుస్తకంలోనే ఉంది.

మూడో దారి మూలం. మూలం అనగానే అందరూ మూలమధ్యమకకారిక తెరుస్తారు. మేమూ అదే చేశాం, రెండేళ్ల కింద. ఇరవై ఏడు ప్రకరణాలు. మొదటి ప్రకరణంలోనే "న స్వతో నాపి పరతో న ద్వాభ్యాం నాప్యహేతుతః" అంటూ ఏదీ తన నుంచి గానీ, ఇతరం నుంచి గానీ, రెంటి నుంచి గానీ, కారణం లేకుండా గానీ పుట్టదని మొదలవుతుంది. రెండో ప్రకరణంలో నడిచేసిన దారిని నడవడం లేదు, నడవని దారినీ నడవడం లేదు అని వస్తుంది. మేము అక్కడే ఆగిపోయాం. మనుషులు రావడం తగ్గింది. ఎవరితో వాదిస్తున్నాడో తెలియకుండా వాదం మాత్రమే వింటే బుర్ర వేడెక్కుతుంది తప్ప ఏమీ దిగదు. చంద్రకీర్తి ప్రసన్నపద వ్యాఖ్య పక్కన లేకుండా ఆ పుస్తకం ముట్టుకోవద్దని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

సుహృల్లేఖ చాలా తేలిక. నూట ఇరవై మూడు శ్లోకాల ఉత్తరం, శాతవాహన రాజుకు రాసిందని సంప్రదాయం. నడవడి బాగు చేసుకోవడానికి మంచి పుస్తకం. బట్ట శూన్యమైతే చలి ఎట్లా ఆగుతుందన్న ప్రశ్నకు మాత్రం అది పనికిరాదు.

విగ్రహవ్యావర్తని డెబ్బై శ్లోకాలే, దానికి ఆయన పేరనే వృత్తి, అంటే వివరణ, కూడా ఉంది. మొదటి ఇరవై శ్లోకాలూ ప్రత్యర్థివి! తన పుస్తకంలో మొదటి చోటు అవతలివాడికి ఇచ్చాడు. అతను అడిగే మొదటి ప్రశ్నే గట్టిది: "అన్నిటికీ స్వభావం లేదంటున్నావు. అయితే నీ మాటకూ స్వభావం లేనట్టే గదా? లేని నిప్పు కాల్చదు, లేని కత్తి కోయదు. నీ మాట మాత్రం ఎట్లా ఖండిస్తుంది?" మా అన్న బట్ట గురించి అడిగింది అచ్చంగా ఇదే.

జవాబు ఇరవై ఒకటో శ్లోకం దగ్గర మొదలై ఇరవై రెండో శ్లోకంలో తేటపడుతుంది. వస్తువులు వేరే వాటిని ఆధారం చేసుకుని ఉండటమే శూన్యత, అట్లా ఆధారపడి ఉన్నదానికి సొంత స్వభావం ఉండదు అంటాడు. ఆ కింద వృత్తిలో రథం, కుండ, బట్ట వస్తాయి. ఇవి కారణాల మీద ఆధారపడ్డవి కాబట్టి స్వభావశూన్యాలే. అయినా రథం కట్టెలు, గడ్డి, మట్టి మోస్తుంది. కుండ తేనె, నీళ్లు, పాలు పట్టుకుంటుంది. బట్ట చలి నుంచీ గాలి నుంచీ ఎండ నుంచీ కాపాడుతుంది. అట్లాగే నా మాటకూ స్వభావం లేకున్నా, వస్తువులకు స్వభావం లేదని చూపించే పని అది చేస్తుంది.

ఈ పంక్తులు మండపంలో తెలుగు చేసి చదివిన రోజు మా అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన పని చెప్పుకొచ్చాడు. ఆసు పోయాలి, చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, కట్లు విప్పి మళ్లీ కట్టాలి, పడుగు ఎక్కించాలి, పేక ఆడించాలి. "దారం ఒకరిది, రంగు ఒకరిది, ఆసు పోసేది మా ఇంటామె, మగ్గం మీద చెయ్యి నాది. ఇండ్ల బట్ట అనేటిది విడిగ ఏడుంది సారూ? కానీ కప్పుకుంటే ఎచ్చగనే ఉంటది" అన్నాడు. పంతులు గారు వెంటనే న్యాయశాస్త్రం, అంటే తర్క దర్శనం, అందుకున్నారు. దారాలు వేరు, వాటిలో కొత్తగా పుట్టిన బట్ట వేరు, అది అవయవి, అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం అని. ఇద్దరూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా వాదించుకున్నారు. రెండేళ్లలో అంత మంచి పొద్దు మాకు దొరకలేదు.

మేము కూర్చునే గుడిలో కూడా ఒక సాక్ష్యం ఉంది. గర్భగుడిలో లింగం మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్తంభం లాంటి నీడ నిలిచి ఉంటుంది. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదని, మండపంలోకి వేర్వేరు వైపుల నుంచి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డుపడగా ఏర్పడిందని వివరించేవాళ్లు చెబుతారు. చూస్తే నీడ ఉంది. ఇది ఏ స్తంభానిది అని వెతికితే ఏదీ చిక్కదు. శివాలయంలో కూర్చుని నాగార్జునుణ్ని చదవడం మాకెప్పుడూ ఇబ్బందిగా అనిపించలేదు.

పక్కనే నాగార్జునసాగర్ ఉంది గనక ఇంకొక మాట. 274 ఎకరాల బౌద్ధ పార్కు బుద్ధవనం 2022లో తెరిచాక మన జిల్లా పిల్లలు చాలామంది చూసి వస్తున్నారు, సంతోషం. కానీ ఆచార్యుడు మనవాడు అన్న అభిమానంతో మాత్రమే పుస్తకం తెరవకండి. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో వినిపించేవి అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు వంటి శాఖల పేర్లు. ఆచార్యుడికీ ఆ కొండకూ ముడి వేసింది ప్రధానంగా సంప్రదాయం. ఊరి పేరు మీది అభిమానం ఇరవయ్యో శ్లోకం దాకా కూడా తోడు రాదు. వాదం మీద ఆసక్తి ఉంటేనే ముందుకు సాగుతుంది.

కాబట్టి నా ఎంపిక విగ్రహవ్యావర్తని ముందు. రోజుకు ఒక శ్లోకం, వృత్తితో సహా. మొదటి ఇరవై శ్లోకాలు చదివేటప్పుడు ప్రత్యర్థి గెలవాలని మనసారా కోరుకుంటూ చదవండి, అప్పుడే జవాబు విలువ తెలుస్తుంది. ఆ తర్వాత కారికలో ఇరవై నాలుగో ప్రకరణం ఒక్కటీ తీయండి. శూన్యతను తప్పుగా పట్టుకుంటే, పామును పట్టరాని చోట పట్టుకున్నట్టు, పట్టినవాణ్నే నాశనం చేస్తుందని హెచ్చరించేది అక్కడే. ఇవి రెండూ అయ్యాక సర్వదర్శనసంగ్రహం చదివితే దాని అందమూ తెలుస్తుంది, అది వదిలేసిందీ తెలుస్తుంది. చరిత్ర పుస్తకాలు ఆ తర్వాత. పరీక్ష దగ్గర పడి టెన్షన్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఈ వరుస వర్తించదు. వాళ్లు హిరియణ్ణతో మొదలుపెట్టి, ఉద్యోగం వచ్చాక ఇటు రావచ్చు.

పంతులు గారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదో శ్లోకం ఆయనకు కొరుకుడు పడటం లేదు. "నాస్తి చ మమ ప్రతిజ్ఞా తస్మాన్నైవాస్తి మే దోషః", నాకు ప్రతిజ్ఞే, అంటే నిలబెట్టాల్సిన పక్షమే, లేదు కాబట్టి దోషమూ లేదు అంటాడు అక్కడ. తన పక్షం ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడాన్ని గౌతముడి న్యాయసూత్రం వితండ అంటుంది. "ఇది వితండ కాదని చూపించు, అప్పుడు నీ వరుస ఒప్పుకుంటా" అన్నారు పంతులు గారు. వచ్చే ఆదివారం ఆయన న్యాయసూత్రాలు తెస్తున్నారు. నేను ఇరవై తొమ్మిదో శ్లోకం వృత్తి మళ్లీ రాసుకుంటున్నాను.