పది అడుగుల తోక: జక్కూరు నుంచి హైదరాబాద్‌కు ట్రైలర్ మీద సెస్నా

రిజిస్ట్రేషన్ రద్దయి మూల పడున్న సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న శిక్షణ విమానం ఒకటి బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డులో దొరికితే, ఇబ్రహీంపట్నం దగ్గరి మా కాలేజీ ల్యాబ్‌కి కొన్నాం. ఏరోనాటికల్ పిల్లలు చేత్తో విప్పి నేర్చుకోవాలని నా ఆశ. కిరాయి 58,000కి మాట్లాడుకున్నాం, తిండి, లాడ్జి కాక మొత్తం ఖర్చు 93,500కి తేలింది. రెండు చోట్లా క్రేన్లకు పోయిన 11,500 ముందే అనుకున్నది. మిగతా 24,000 మాత్రం ట్రాన్స్‌పోర్టు బ్రోకరు కొలత టేపు తీయకపోవడం వల్ల పోయిన డబ్బు. నాకింకా కోపం తగ్గలేదు.

ఆయన చూసిందల్లా ఎత్తు. 2022 నవంబరులో కొచ్చి నుంచి హైదరాబాద్‌కు వస్తున్న పాత విమానం బాపట్ల జిల్లాలో అండర్‌పాస్ కింద ఇరుక్కుపోయింది కదా, ఆ ఫొటోలే ఫోన్లో చూపించి "అట్లా కానివ్వను సార్, లో బెడ్ పెడతా" అన్నాడు, అంటే ఎత్తు తక్కువ ఉండే ట్రైలర్. మా బాబాయ్ బేగంపేటలో విమానాల మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. "రెక్కలు తీస్తే సరిపోదురా, తోక అడ్డరెక్క పది అడుగులుంటుంది, అదీ విప్పాలి" అని అప్పుడే చెప్పాడు. బ్రోకరు నవ్వేసి "అంత అవసరం లేదు పెద్దాయనా, రోజూ పంపే లోడ్లే" అన్నాడు. నేను బ్రోకరు మాట విన్నాను. 40,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

జక్కూరులో పని సాఫీగానే అయింది. పెట్రోలు మొత్తం తోడేసి, బ్యాటరీ తీసి, ఒకటిన్నర రోజులో రెండు రెక్కలూ దించాం. గురువారం రాత్రి పదికి బయల్దేరాం.

పెనుకొండ ఇంకా రాకముందే అధికారులు ఆపారు. టేపు పెట్టి కొలిచారు. ట్రైలర్ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, తోక పది. రెండు పక్కలా ముప్పావు అడుగు చొప్పున బయటికొచ్చింది. చీకట్లో ఓవర్‌టేక్ చేసే బైకువాడి తలకు తగిలితే? ఆ అధికారి అడిగిన ప్రశ్న అదే, నా దగ్గర జవాబు లేదు. జరిమానా 20,000. పైగా మా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, మామూలు సరుకుది, రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన గడువు. కొలత మించిన సరుకైతే రోజుకు 20 కిలోమీటర్ల లెక్క, ఆ కాగితాలే వేరు. కాబట్టి తోక విప్పితేనే బండి కదిలేది. బ్రోకరుకు ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తి, మూడోసారికి స్విచాఫ్ చేశాడు.

పక్కనే ఉన్న ధాబా అక్క లేకపోతే ఏమయ్యేవాళ్లమో. పెరట్లోకి ట్రైలర్ పెట్టించి లైటు వేయించింది. తెల్లారేదాకా ఆగి మొదలుపెట్టాం. అడ్డరెక్క ఒక్కటే ఊడి రాదు. ముందు చుక్కాని, తర్వాత నిలువు తోక, ఎలివేటర్లు (అడ్డరెక్క వెనక పైకీ కిందికీ కదిలే పలకలు), వాటికుండే ట్రిమ్ కేబుళ్లు, ఆ తర్వాతే అడ్డరెక్క బోల్టులు. బాబాయ్ ఒక్కో బోల్టునూ వాషర్‌తో సహా కవర్లో వేసి పేరు రాశాడు. నా మీద అలిగి అప్పటిదాకా మాట్లాడనివాడు పని చేతిలోకి రాగానే మామూలు మనిషయ్యాడు. రేకు పల్చన, తాడు బిగిస్తే నొక్కుకుపోతుందని చెబితే ఆ అక్క గోనెసంచులూ పాత బొంతా తెచ్చి తనే చుట్టింది. పొద్దున ఉగ్గాని, బజ్జీ ప్లేటు 40. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు నలుగురికి 600. చోటుకు ఎంతివ్వమంటావక్కా అంటే "తిన్నదానికి ఇచ్చినారు గదా" అంది. అంత రుచిగల సంగటి నేను ఇంతవరకూ తినలేదు.

ఆ రాత్రి అనంతపురంలో లాడ్జి తీసుకోవడం రెండో తప్పు. గదికి 1,600, రెండు గదులు. పెద్ద బండికి పార్కింగ్ ఉందని ఫోన్లో చెప్పి, వెళ్లాక లేదన్నారు. వాచ్‌మన్ రోడ్డు పక్కన కాపలాకని 300 తీసుకుని నిద్రపోయాడు. పొద్దున వేడినీళ్లు రాలేదు. మా ల్యాబ్ కుర్రాడు మొహం ముడుచుకుని స్నానం మానేశాడు. బాబాయ్ అయితే అసలు గదికే రాలేదు. డ్రైవరన్నతో పాటు ట్రైలర్ క్యాబిన్లోనే పడుకున్నాడు, విమానాన్ని ఒంటరిగా వదలనని. లోడుతో వెళ్లేవాళ్లు లాడ్జి జోలికి పోకండి, పెట్రోలు బంకు ఉన్న ధాబా చూసుకోండి.

గుత్తి, కర్నూలు, జడ్చర్ల ఇట్టే గడిచాయి. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంటే ఒక విమానం తల మీదుగా దిగింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట నుంచి ఇక్కడికి మారిన రోజులు బాబాయ్ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. బొంగులూరు గేటు దగ్గర దిగి కాలేజీ చేరేసరికి చీకటి పడింది.

దించాక చూస్తే ఎడమ రెక్క అంచున అరచేయంత సొట్ట. జక్కూరులో బ్రోకరు మనిషి, వద్దంటున్నా, గొలుసు విసిరిన చోటది. బాబాయ్ విప్పి చుట్టిన తోక మీద ఒక్క గీత లేదు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి, అన్నిటికంటే వెడల్పైన భాగం కొలత ఒప్పందంలో రాయించుకోండి. గొలుసులు వద్దు, బెల్టులే కట్టించండి. బండి దారిలో ఆగినందుకు డ్రైవరన్నకు హాల్టింగ్ కింద 4,000 ఇచ్చాను, ఆయన ఇంకా ఎక్కువే అడగొచ్చు, అడగలేదు. ఆయన నంబరు దాచుకున్నాను. బ్రోకరు ఇంకా మిగిలిన 18,000 కోసం ఫోన్ చేస్తున్నాడు. జరిమానా రసీదు పంపాను, దానికి మాత్రం జవాబు రాలేదు.