మాలా తాంగ్: గిన్నె నింపేటప్పుడే సగం వంట అయిపోతుంది

సింగపూర్‌లో బుగిస్ చుట్టుపక్కల కాస్త తిరిగితే చాలు, ఏదో ఒక మాలా తాంగ్ షాపు కనిపిస్తుంది. మనం ఏరుకున్న కూరగాయలు, మాంసం, నూడుల్స్‌ని మసాలా సూప్‌లో ఉడికించి ఇచ్చే చైనా వంటకం ఇది. చైనీస్‌లో ‘మా’ అంటే తిమ్మిరి, ‘లా’ అంటే కారం, ‘తాంగ్’ అంటే చుర్రుమనే వేడి. వంటకం పుట్టింది నైరుతి చైనాలోని సిచువాన్‌లో. ఇప్పుడు చెయిన్ షాపుల్లో దొరికేది మాత్రం ఎక్కువగా ఈశాన్య చైనాలోని హార్బిన్ వైపు పద్ధతి. అక్కడ ఎముకల సూప్‌ని పాలపొడితో తెల్లగా, చిక్కగా చేస్తారు కాబట్టి చివరి చుక్క దాకా తాగొచ్చు. సిచువాన్ పద్ధతిలో పైన తేలే ఎర్రనూనె తాగడానికి కాదు, ముక్కలకు పట్టించడానికే.

లోపలికి వెళ్లగానే పెద్ద గిన్నె, పట్టకారు తీసుకోవాలి. ఫ్రిజ్ అరల్లో ఉన్నవాటిలో కావలసినవి వేసుకుని కాటా మీద పెడితే బరువును బట్టి డబ్బు. షాపును బట్టి 100 గ్రాములకు రెండు నుంచి మూడు సింగపూర్ డాలర్ల పైచిలుకు ఉంటుంది. కనీసం ఇంత బరువు ఉండాలని కొన్నిచోట్ల నియమం పెడతారు, బోర్డు చూసుకోండి. ఒక మనిషికి 450 గ్రాములు కడుపు నిండా సరిపోతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏది చూస్తే అది వేసుకుని 800 దాటించి, బిల్లు చూసి బిత్తరపోతారు.

పాలకూర, బోక్ చోయ్ అనే చైనా ఆకుకూర, నల్ల చెవి పుట్టగొడుగులు నీళ్లలో తడిసి ఉంటాయి. పట్టకారుతో ఎత్తి రెండు మూడుసార్లు గట్టిగా దులపండి, లేకపోతే నీళ్లకూ డబ్బు కట్టినట్టే. ఇక బరువు తక్కువ, రుచి ఎక్కువ ఉన్నవి ఎండు టోఫు (సోయా పన్నీర్) పొర, ఎనోకి అనే సన్నటి పుట్టగొడుగులు, వేయించిన టోఫు. ఒంటరిగా తినేవాళ్లకు మేం చెప్పే లెక్క ఇది: తామర దుంప ఐదారు చక్రాలు, బంగాళాదుంప మూడు చక్రాలు, టోఫు పొర గుప్పెడు, ఎనోకి చిన్న కట్టలో సగం, కౌజు పిట్ట గుడ్లు మూడు, చికెన్ ముక్కలు నాలుగైదు, బోక్ చోయ్ రెండు మొక్కలు, నూడుల్స్ ఒక చుట్ట.

వేయించిన టోఫు, గడ్డకట్టించిన టోఫు విషయంలో మాత్రం జాగ్రత్త. వాటి నిండా చిల్లులే. కొరికితే లోపల దాగిన మరిగే సూప్, మిరప నూనె ఒక్కసారిగా నోట్లో చిమ్ముతాయి. చెంచాలో పెట్టి ఒక పక్క చిన్నగా కొరికి, ఆవిరి పోయాక తినాలి. నూడుల్స్‌లో ఇన్‌స్టంట్ రకం ఐదు నిమిషాల్లోనే సూప్ తాగేసి ఉబ్బిపోతుంది. చిలగడదుంప పిండితో చేసిన గాజు నూడుల్స్ చివరిదాకా గట్టిగా, జారుడుగా ఉంటాయి. మా ఓటు వాటికే.

కారం దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. ఆవకాయ తినే నాలుకకు ఇదెంత అనుకుని నేరుగా ‘దా లా’, అంటే పెద్ద కారం, చెప్పేస్తారు. నిజానికి మిరపకారం మనకు లెక్క కాదు. గుంటూరు, ఖమ్మం తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొనే దేశాల్లో చైనా ముందు వరసలోనే ఉంది. ఇబ్బంది పెట్టేది సిచువాన్ మిరియం. దానిలోని సాన్‌షూల్ అనే పదార్థం పెదవి మీద సెకనుకు దాదాపు 50 సార్లు కంపిస్తున్నంత తిమ్మిరి పుట్టిస్తుందని 2013లో లండన్ పరిశోధకులు కొలిచి చూపించారు. (మన కొండల్లోని రచ్చమాను దీనికి దగ్గరి చుట్టం. ఆ చెట్టు శాస్త్రీయ నామంలోని ‘రెట్సా’ అన్న మాట తెలుగు నుంచి వెళ్లిందే.) కారం మెట్టు పెంచితే మిరప ఒక్కటే పెరగదు, చాలాచోట్ల నూనె, ఉప్పు, తిమ్మిరి కూడా దానితోపాటే పెరుగుతాయి. అందుకే మొదటిసారికి ‘షియావ్ లా’, అంటే చిన్న కారం, చాలు. ఆపైన కావాలంటే సాస్ బల్ల మీది మిరప నూనె వేసుకోవచ్చు. వేసింది తియ్యలేం.

శాకాహారులు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. గిన్నె నిండా కూరగాయలే వేసినా సూప్ మామూలుగా ఎముకలదే. టమాటా సూప్ అని రాసి ఉన్నా అడుగున ఎముకల రసం ఉండొచ్చు. మసాలా ముద్దలో ఆవు కొవ్వు వాడటం సిచువాన్ పద్ధతిలో మామూలు, దాన్ని ‘నియూ యౌ’ అంటారు. గొడ్డు మాంసం తిననివాళ్లు మాంసం అరను తప్పించుకుంటే సరిపోదు, ఈ మాట పట్టుకుని కౌంటర్‌లో అడగాలి. అందరి గిన్నెలూ ఒకే కుండలో, అవే జల్లెడ బుట్టలతో ఉడికే చోట పూర్తి శాకాహారం ఆశించొద్దు. పల్లీ, నువ్వులు పడనివాళ్లు ముందే చెప్పాలి, నువ్వుల ముద్ద చాలా షాపుల్లో సూప్‌లోనే పడుతుంది.

రద్దీ వేళ, ముఖ్యంగా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా, వంట తేడా కొడుతుంది. దుంపలు ముందు, ఆకులు చివర వేయాల్సింది పోయి బుట్ట మొత్తం ఒకేసారి ముంచేస్తారు. బంగాళాదుంప నడుమ పచ్చిగా, పాలకూర ముద్దగా వస్తుంది. ఆ వేళకే వెళ్లక తప్పకపోతే పల్చటి చక్రాలే ఏరుకోండి, మెత్తటి ఆకుల బదులు నాపా క్యాబేజీ (పొడవాటి చైనా క్యాబేజీ) వేసుకోండి. చికెన్ ముక్క ఒకటి తుంచి లోపల గులాబీ రంగు లేదని చూసుకున్నాకే తినండి.

సూప్ ముందు ఒక చెంచా రుచి చూసి, తర్వాతే సాస్ బల్ల దగ్గరికి వెళ్లండి. నల్ల వెనిగర్ ఒక చెంచా, నలిపిన వెల్లుల్లి అర చెంచా, కొత్తిమీర. వెనిగర్ పులుపు నూనె బరువును కోసేస్తుంది, మన చారులో చింతపండు చేసే పనే. పార్సిల్ అయితే నూడుల్స్ వేరే డబ్బాలో కట్టమని అడగండి. కలిపి కడితే ఇల్లు చేరేసరికి మూత కింద సూప్ ఉండదు, ఉబ్బిన నూడుల్స్ మాత్రమే ఉంటాయి.