కొత్త ట్యాంకు సైక్లింగ్: చేపలతోనా, ఖాళీగానా, పాత స్పాంజితోనా?

సైక్లింగ్ అంటే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను ఫిల్టర్‌లో పెంచడం. దాన్ని చేపలు వేసి చేయాలా, ఖాళీ ట్యాంకులో చేయాలా, నడుస్తున్న ట్యాంకు ఫిల్టర్ స్పాంజి తెచ్చి చేయాలా అన్నదే ప్రశ్న. ఆఫ్రికాలోని మలావీ సరస్సు బండల మధ్య బతికే ఎంబునా సిక్లిడ్ చేపల విషయంలో దీనికి గప్పీల వంటి చిన్న చేపల ట్యాంకుకు చెప్పే జవాబు సరిపోదు. కారణాలు రెండు.

ఒకటి పీహెచ్. నీళ్లలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో విషం ఒక్కటే. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ విషరూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. ఎంబునాకు నప్పే 8.2 దగ్గర దాదాపు 8 శాతం. టెస్ట్ కిట్ అదే అంకె చూపిస్తుంది, చేపకు తగిలే దెబ్బ మాత్రం పదింతలు దాటుతుంది. రెండోది వాటి గుణం. ముందు వచ్చినవి బండలు పంచేసుకుని, తర్వాత వచ్చినవాటిని వెంటాడి కొరుకుతాయి. అందుకే చేపపిల్లలన్నిటినీ ఒకేసారి వదలాలి. అంటే మొదటి రోజే ఫిల్టర్ పూర్తి బరువు మోయాలి.

చేపలతో సైక్లింగ్ ఇక్కడే దెబ్బతింటుంది. నాలుగు చేపలు వేస్తే నాలుగింటికి సరిపడా బ్యాక్టీరియానే పెరుగుతుంది. ఆపైన పదిహేను వేస్తే అమోనియా మళ్లీ లేస్తుంది, ఆ నాలుగూ అప్పటికే ట్యాంకుకు మోతుబరులు. ‘గట్టి చేపలే, తట్టుకుంటాయి’ అంటారు షాపులో. బతికి ఉండటం వేరు, మొప్పలు కాలకుండా ఉండటం వేరు. ఇప్పటికే వేసేసి ఉంటే రోజూ పరీక్షించి 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చండి, మేత తగ్గించండి. నైట్రైట్ కనిపిస్తే 10 లీటర్లకు 1 గ్రాము అయోడిన్ లేని ఉప్పు కలపండి.

ఖాళీ ట్యాంకు పద్ధతికి కావలసింది అమోనియం క్లోరైడ్, అంటే కళాయి పోసేవాళ్ల నవాసారమే. కాకపోతే బజారు సరుకులో మలినాలుంటాయి, ల్యాబ్ రకం కొనండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో ఇసుక, బండలు పోను సుమారు 200 లీటర్లు పడతాయి. దానికి 1.2 గ్రాములు వేస్తే అమోనియా సుమారు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వస్తుంది. క్లోరిన్ తీసేసిన నీళ్లు, 28 డిగ్రీల వేడి, ఫిల్టర్ రాత్రింబవళ్లు. అమోనియా సున్నాకు దిగినప్పుడల్లా మళ్లీ అంతే వేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఓపిక నశించేది నైట్రైట్ దశలో. కిట్ రంగు రోజుల తరబడి ముదురుగానే ఉంటుంది. అప్పుడు అమోనియా వేయడం ఆపి సగం నీళ్లు మార్చండి. ఇంకో చిక్కు: ఈ బ్యాక్టీరియా నీటి క్షారతను తినేస్తుంది. పీహెచ్ 6.5 కంటే దిగితే పని దాదాపు ఆగిపోతుంది. ఆర్‌వో నీళ్లు పోసినవాళ్లకు తరచూ జరిగేది ఇదే. 50 లీటర్లకు 6 గ్రాముల వంటసోడా వేస్తే కేహెచ్ (క్షారత కొలత) సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. మన గట్టి బోరునీళ్లు ఈ చేపలకు వరమే, ముందుగా నైట్రేట్ ఎంతుందో ఒక్కసారి చూసుకుంటే చాలు.

పాత స్పాంజి అన్నిటికంటే వేగం. నడుస్తున్న ట్యాంకు నుంచి తీసి, అదే నీళ్లలో తడిగా తెచ్చి, గంటా రెండు గంటల్లో ఫిల్టర్‌లో పెట్టాలి. కుళాయి కింద కడిగితే పోయినట్టే. దానితో తెల్లమచ్చ రోగమూ రావచ్చు కనుక షాపు ట్యాంకు స్పాంజి వద్దు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేయదు.

నమ్మకమైన ట్యాంకు అందుబాటులో ఉంటే మా ఓటు స్పాంజికే, లేకపోతే ఖాళీ సైక్లింగ్‌కు. ఏదైనా చివరి పరీక్ష ఒకటే: 2 పీపీఎం వేశాక 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. అప్పుడు 80 శాతం నీళ్లు మార్చి, వేడి 25-26కు దించి, 15 నుంచి 20 చేపపిల్లల్ని ఒకే రోజు వదలండి. ఎల్లో ల్యాబ్ అనే ఎంబునాలతో ఇంకో రెండు జాతులు చాలు. మరీ దూకుడుగా ఉండే ఆరేటస్, కెన్యీ జాతుల జోలికి పోవద్దు. మొదటి వారం స్పైరులినా (నాచు) మేత కొంచెమే. కరెంటు గంటల తరబడి పోతే మూసిన క్యానిస్టర్ (డబ్బా) ఫిల్టర్‌లో ప్రాణవాయువు అయిపోయి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బ్యాటరీ గాలిపంపుకు తగిలించిన స్పాంజి ఫిల్టర్ ఒకటి పక్కన నడుస్తూ ఉండాలి.