ఏడాదిన్నరగా అమ్మ చేతిలో కార్డులు

కంప్యూటర్ అంటే అమ్మకి భయం లేదు, మౌస్‌తోనే పేచీ. ఆ బాణం ఎక్కడుందో వెతికేసరికి ఆవిడ కళ్ళు నీళ్ళు కారేవి. అందుకే ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ పెట్టాను: దాని మీద కార్డు పెడితే చాలు, ఆ కార్డుకి చెప్పిన పని కంప్యూటర్ చేసేస్తుంది. పైగా మా పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది, అమ్మ బడి చదువంతా ఒడియాలోనే. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. అందుకే కార్డులకి అక్షరాల బదులు బొమ్మలు అంటించాను. గుండ్రటి కళ్ళ జగన్నాథుడి కార్డు పెడితే భజనలు, చెల్లి ఫొటో పెడితే శ్రీకాకుళానికి వీడియో కాల్. మొదటిసారి తనంతట తానే కాల్ చేసిన రోజు అమ్మ ఆ కార్డుని కొంగుతో తుడిచి దేవుడి గూట్లో పెట్టింది. ఈ ఒక్క సుఖానికే నేను దీన్ని వదులుకోను.

నాది 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో కార్డుని చదివే యూఎస్‌బీ రీడర్. దీన్ని అమర్చడం "పది నిమిషాల పని" అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. కంప్యూటర్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. కార్డు పెట్టగానే పది అంకెలు పడి, ఎంటర్ కూడా పడిపోతుంది. ఒక రాత్రి నేను నా క్లయింటుకి మెసేజ్ రాస్తుండగా అమ్మ భజనల కార్డు పెట్టింది. సగం మాటకి పది అంకెలు అతుక్కుని వెళ్ళిపోయాయి. పొద్దున్నే ఆయన ఫోన్: "డబ్బు ఈ నంబరుకే వేయాలా?" నాకు చెమటలు పట్టాయి. ఆ రోజే లైనక్స్‌లో ఈవీడెవ్‌తో (కీబోర్డు లాంటి వాటి నుంచి వచ్చేది నేరుగా అందుకునే మార్గం), రీడర్ అంకెలు నా పైథాన్ స్క్రిప్టుకి, అంటే నా చిన్న ప్రోగ్రాంకి తప్ప ఇంకెక్కడికీ పోకుండా కట్టేశాను.

ఇంకోసారి అమ్మ రీడర్‌ని వంటగదిలో స్టీల్ బల్ల మీదికి మార్చింది. "ఏట్రా ఇది, పలకట్లేదు?" వైరు మార్చాను, స్క్రిప్టు తిరగేశాను, రెండు సాయంత్రాలు పోయాయి. చివరికి తప్పు బల్లది. కింద ఇనుము ఉంటే కార్డుకి అందాల్సిన శక్తి అందదు. చెక్క పీట వేశాక మొదటి దెబ్బకే పలికింది. రెండు కార్డులు కలిపి పెట్టినా చదవదు, అది మాత్రం అమ్మే కనిపెట్టింది.

నేను బరంపురంలో ఉన్న నాలుగు రోజులూ అది మూగబోయింది. కరెంటు పోయి వచ్చాక స్క్రిప్టు లేవలేదు. ఇప్పుడు దానంతట అదే లేస్తోంది. అయినా పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికైతే కొనమనలేను, సరిచేసే మనిషి పక్కన ఉండాలి. మా ఇంట్లో నేనున్నాను. అమ్మ బొటనవేలు రాసుకుని జగన్నాథుడి ఎడమ కన్ను చెరిగిపోయింది, ఈ వారం కొత్త బొమ్మ అంటించాలి.