కనిగిరి బండలు, ఉదయగిరి దుర్గం: రాయి ఎక్కేవాళ్లకు మూడు రోజుల యాత్ర

మూడు రోజులు చేతిలో ఉంటే రెండు కనిగిరికి, ఒకటి ఉదయగిరికి ఇవ్వండి. దుర్గానికి పేరుంది కాబట్టి ముందు అటే పరిగెత్తాలనిపిస్తుంది. కానీ ఇక్కడి రాయి కాలికీ చేతికీ అలవాటయ్యేది కనిగిరి బండల మీదే. ఉదయగిరి రాయి అలవాటున్నవాళ్లనూ పరీక్షిస్తుంది.

కనిగిరిది గ్రానైటు. నేల లోతున మెల్లగా చల్లారిన రాయి కనుక గింజలు విడివిడిగా కనబడతాయి. బూడిద రంగువి పలుగురాయి (క్వార్ట్జ్), తెల్లగానో లేత గులాబీగానో ఉన్నవి ఫెల్డ్‌స్పార్, మధ్యలో మెరిసే నల్ల రేకులు అభ్రకం. ఎండకూ వానకూ ముందు అభ్రకం, ఫెల్డ్‌స్పార్ అరిగిపోతాయి, పలుగు నిలబడుతుంది. పాత బండ ముఖం గరుకు కాగితంలా ఉండేది అందుకే, షూ రబ్బరు పట్టుకునేదీ ఆ గరుకునే. ఇలాంటి వాలు బండ మీద వేళ్లకు దొరికేది తక్కువ, పనంతా పాదాలదే. మడమ దించి, నడుము బండకు దూరంగా ఉంచితే బరువు నేరుగా రబ్బరు మీద పడుతుంది. భయంతో బండను కావలించుకుంటే పాదాలు జారిపోతాయి. వాననీళ్లు దిగిన నల్లచారల మీద అడుగు వేయొద్దు. అది ఎండిన నాచు, చూపుకు గరుకుగా ఉన్నా రబ్బరు కింద పొడిగా లేచిపోతుంది.

గ్రానైటులో అసలు ప్రమాదం పెచ్చులు. మీదున్న మట్టీ రాయీ కొట్టుకుపోయి బరువు తగ్గేకొద్దీ గ్రానైటు ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా విడిపోతుంది. పట్టుకోవడానికి అంచు బాగా కనబడే పెచ్చే లోపల డొల్లగా ఉండొచ్చు. ఒక అరచేయి పెచ్చు మీద ఆనించి రెండో చేతి కణుపులతో తట్టండి. గట్టిదైతే చప్పుడు పొట్టిగా, పదునుగా వస్తుంది. డొల్లదైతే చప్పుడు బరువుగా ఉంటుంది, ఆనించిన చేతికి అదురు తెలుస్తుంది. అలాంటి పెచ్చు వెనక క్యామ్ (పగుల్లో విచ్చుకుని తాడును నిలిపే లోహ సాధనం) పెట్టారంటే మీరే దాన్ని పెకలించినట్టు. మామూలు క్యామ్ కోణం 14 డిగ్రీలకు కాస్త తక్కువ. ఆ లెక్కన కిందికి లాగే బలానికి రెట్టింపు బలం ఒక్కో గోడ మీద పక్కకు పడుతుంది. మీరు పడ్డప్పుడు తాడు 5 కిలోన్యూటన్లతో (సుమారు 500 కిలోల బరువు) లాగితే పెచ్చును బయటికి నెట్టేది 10 కిలోన్యూటన్లు.

తాడు తగిలించడానికి రాయిలో బోల్టులు కొట్టి సిద్ధంగా ఉంచిన దారుల మీద ఆశ పెట్టుకోకుండా బయల్దేరండి. వెనక నుంచి నడిచి పైకి చేరగలిగిన బండలు ఎంచుకుని, పైన రెండు వేర్వేరు గుండ్లకు స్టాటిక్ రోప్ (పెద్దగా సాగని తాడు) చుట్టి పైతాడు (పైనుంచి వేలాడి ఎక్కేవాళ్లను పట్టే తాడు) వేసుకోవడం మంచి పద్ధతి. 11 మిల్లీమీటర్ల స్టాటిక్ రోప్ 30 మీటర్లు, 240 సెంటీమీటర్ల స్లింగులు (కుట్టిన పట్టీ ఉచ్చులు) నాలుగు, లాక్ క్యారబైనర్లు (తాళం పడే లోహపు కొక్కేలు) ఆరు తెచ్చుకోండి. గుండు ఎంత పెద్దదైనా దాని అడుగు చూడకుండా తాడు చుట్టకండి. గుండు బండ మీద నేరుగా కూర్చుంటే సరే, మధ్యలో నలిగిన ఇసుకపొర ఉంటే వదిలేయండి. కోట గోడకు గానీ బురుజుకు గానీ తాడు కట్టకూడదు.

బస కనిగిరిలోనే పెట్టుకోండి. ఒంగోల్లో మంచి హోటళ్లున్నాయి గానీ సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ పడుకుంటే తెల్లవారుజామున బండ చల్లగా ఉండే రెండు గంటలూ రోడ్డు మీదే అయిపోతాయి. చిన్న ఊరి లాడ్జిల్లో గది కంటే ముందు మూడు సంగతులు అడగాలి: పొద్దున 5 గంటలకు గేటు తీస్తారా, తాడు నీడలో ఆరేసుకునే చోటుందా, శుద్ధి చేసిన నీళ్ల క్యాన్ తెప్పిస్తారా. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడి గ్రానైటులో ఫ్లోరైటు ఖనిజం ఉంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి పల్లెల్లో వంగిపోయిన నడుములకూ గారపట్టిన పళ్లకూ కారణం అదే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రెండు రోజులు తాగిన అతిథికి ఏమీ కాదు, జీవితమంతా తాగినవాళ్ల కష్టం వేరు. అయినా బోరునీళ్లతో సీసాలు నింపుకోకండి. తలకు రోజుకు 4 లీటర్ల చొప్పున క్యాన్ నీళ్లు కొనుక్కోండి, మంచినీళ్లకు కరువున్న ఊళ్లో వాటితో కాళ్లు కడగొద్దు.

ఉదయగిరికి నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఆర్టీసీ బస్సులున్నాయి, దూరం దాదాపు 100 కిలోమీటర్లు. కొండ ఎత్తు 3,079 అడుగులు. పాత కట్టడాలు పదమూడింటిలో ఎనిమిది కొండ మీద, ఐదు కింద ఉండేవని, ఒక పక్క కొండచరియ వెయ్యి అడుగులకు దగ్గరగా ఉండి ఎక్కడానికి వీల్లేనిదని బ్రిటిష్ కాలపు గెజిటీర్ రాసింది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను 1513లో చుట్టుముట్టిన శ్రీకృష్ణదేవరాయలకు అది 1514లో గానీ దక్కలేదు. ఆ చరియ కింద నిలబడితే ఆలస్యం ఎందుకైందో అర్థమవుతుంది.

ఇది క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక. గింజల మధ్య సిలికా చేరి, ఒత్తిడికీ వేడికీ అంతా ఒకే ముద్దయింది. విరిగితే గింజల మధ్య నుంచి కాక గింజలను చీల్చుకుంటూ విరుగుతుంది, అందుకే ముఖం నున్నగా, అంచు కత్తిలా ఉంటుంది. కనిగిరిలో నేర్చిన పాదాల పట్టు ఇక్కడ సగమే పనిచేస్తుంది. దానికి బదులు ఇసుక పరుచుకున్న పొరల వెంట అడ్డ సందులు, వాటికి నిలువుగా పగుళ్లు దొరుకుతాయి, వేళ్లకు మంచి అంచులు వస్తాయి. నట్లు (సందులో ఇరికించే లోహపు ముక్కలు) ఒక పూర్తి సెట్టు, వేలి మందం నుంచి పిడికిలి దాకా క్యామ్‌లు తేవాలి. సందు కిందికి సన్నబడే చోట నట్టుకే మొదటి ఓటు. క్యామ్ నిలవాలంటే రాయికీ లోహానికీ మధ్య ఘర్షణ గుణకం కనీసం 0.25 ఉండాలి. తడిసిన నున్నని క్వార్ట్‌జైట్‌లో, లోపల మట్టిపూత ఉన్న సందులో అంత ఉంటుందని నమ్మలేం. పెట్టే ముందు సందును బ్రష్‌తో రుద్ది, నోటితో ఊది చూడండి. తాడు అంచు మీదుగా దిగే ప్రతిచోటా గోనెసంచి రెండు మడతలు వేసి, దాన్నీ కట్టేయండి. వదులుగా వేసిన గోనె మూడో ఊపుకే పక్కకు జరుగుతుంది.

పొరల మధ్య మెత్తటి రాయి ముందు కరిగిపోతే, పైనున్న గట్టి దిమ్మెకు ఆధారం పోతుంది. గూడులా ముందుకు పొడుచుకొచ్చిన చోట్ల ఇది గమనించండి. కొండ మీద మేసే మేకలు కూడా రాళ్లు దొర్లిస్తాయి. తాడు పట్టే మనిషి ఎక్కేవాళ్లకు సరిగ్గా కింద కాక రెండు బారలు పక్కన, హెల్మెట్ పెట్టుకుని నిలబడాలి. గూళ్ల కింద నల్లటి పట్టు వేలాడుతుంటే అది పెద్ద తేనెటీగల తుట్టె. ఆ గోడను ఆ రోజుకు వదిలేయండి, సెంటు వాసనతో అసలే వెళ్లకండి.

ఉదయగిరిలో బస సాదాసీదా. పెద్ద సామానుంటే ఆత్మకూరులో బస చేసి తెల్లవారుజామునే కారు మాట్లాడుకోవడం మేలు. తిరిగొచ్చేటప్పుడు ఊళ్లో చెక్క చెంచాలు కొనండి, ఉదయగిరి చెక్కపనికి భౌగోళిక గుర్తింపు ఉంది.

పెంచలకోన, భైరవకోనలకు భక్తితో వెళ్లండి, తాడుతో కాదు. పెంచలకోన చుట్టూ అడవి వన్యప్రాణి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా కొండెక్కడం నేరం. దేవస్థానం గదులు శనివారాల్లో, వైశాఖంలో నరసింహ జయంతికి దొరకడం కష్టం. భైరవకోనలోవి రాయి తొలిచిన ఎనిమిది గుహాలయాలు, చాక్ పౌడర్ చేతితో తాకినా తప్పే. ఒంగోలు దగ్గరి చీమకుర్తి ‘గెలాక్సీ’ రాయి నిజానికి గ్రానైటు కాదు, గాబ్రో అనే నల్లరాయి జాతిది. బంగారు చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజం గింజలవి. క్వారీ గోడ కొత్తగా కోసినది కనుక గరుకు ఉండదు, పైగా అక్కడ యంత్రాలు తిరుగుతుంటాయి. రోడ్డు పక్క పాలిషింగ్ యూనిట్ల దగ్గర ముక్కలు చూసి రావడం చాలు.

కాలం సంగతి: ఈ తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. సంక్రాంతి ముందు నుంచి శివరాత్రి దాకా బాగుంటుంది. వాన పడితే గ్రానైటు ఒక పూట ఎండకే ఆరుతుంది. క్వార్ట్‌జైట్ సందులు రెండు మూడు రోజులు కారుతూనే ఉంటాయి, కాబట్టి వాన తర్వాత ఉదయగిరి వంతును చివరికి జరపండి. పడమటి ముఖాలు పొద్దున, తూర్పు ముఖాలు మూడింటి తర్వాత ఎక్కండి. దెబ్బ తగిలితే కనిగిరి నుంచి ఒంగోలుకు, ఉదయగిరి నుంచి నెల్లూరుకు పెద్దాసుపత్రి రెండు గంటల దారి. 108 బండి కొండ మీదికి రాదు కనుక, మనిషిని మోసుకు దిగడానికి కనీసం నలుగురు లేకుండా దుర్గం ఎక్కకండి.