రెయిన్‌బో నదిలో బాస్ పట్టాలంటే ముందు గైడుది ఏ బోటో అడగండి

ఫ్లోరిడాలో టాంపా నుంచైనా ఓర్లాండో నుంచైనా దాదాపు గంటన్నర డ్రైవ్‌లో డన్నెలన్ అనే చిన్న ఊరుంది. మనవాళ్ళు అక్కడికి వెళ్ళేది ఎక్కువగా వేసవిలో ట్యూబుల మీద తేలడానికే. ఆ ఊరి పక్కనే పారే రెయిన్‌బో నదిలో మా బావతో కలిసి లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేపను పట్టడానికి వెళ్ళాను, ఒకసారి పెద్ద బాస్ బోటున్న గైడుతో, ఇంకోసారి అడుగు చదునుగా ఉండే చిన్న బోటున్న గైడుతో. ఈ రెండింటికీ తేడా ఇంతా అంతా కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు నది గురించి. ఇది ఊట నది. భూమిలోంచి ఉబికే నీళ్ళే నది అయి, తొమ్మిది కిలోమీటర్ల దాకా పారి డన్నెలన్ దగ్గర విత్లకూచీ నదిలో కలుస్తాయి. ఊట నీళ్ళు కాబట్టి ఏడాది పొడవునా 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటాయి, చలికాలం పొద్దున్నే నది మీద పొగమంచు లేస్తూ ఉంటుంది. విత్లకూచీ నీళ్ళేమో చిత్తడి అడవుల్లోంచి వచ్చినవి, డికాషన్ రంగులో ఉంటాయి. రెండూ కలిసే చోట బోటు ఆపితే ఒక పక్క అడుగున ఇసుక, గడ్డి పోచలు విడివిడిగా కనిపిస్తుంటాయి, రెండో పక్క తెడ్డు ముంచితే దాని కొన కూడా కనిపించదు.

అంత తేట నీళ్ళలో చేపను చూడటం తేలికే, పట్టడమే కష్టం. మనకు అది ఎలా కనిపిస్తుందో దానికి మనమూ అలాగే కనిపిస్తాం. బోటు నీడ పడినా, డెక్ మీద ఏదైనా డబ్బా కింద పడినా గడ్డి అంచున నిలబడ్డ బాస్ నెమ్మదిగా వెనక్కి జరిగి మాయమైపోతుంది. పెద్ద బోటు గైడుతో సమస్య ఇదే. మనిషి మంచివాడే, చెరువుల్లో చాలా అనుభవం ఉన్నవాడే, కానీ బోలెడన్ని చేపలను పారిపోయేలా చేయడం తప్ప ఆ బోటు మాకు ఒరగబెట్టింది లేదు. పైగా మధ్యాహ్నం పూట, ఎండ నెత్తిన ఉండగా వెళ్ళాం. ఆ టైము ఇచ్చింది ఆయనే, పొద్దుటి స్లాట్ ఇంకొకరికి ఇచ్చాననీ ముందు చెప్పలేదు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

రెండో గైడు తెల్లవారకముందే బోట్లు నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర ఉన్నాడు. బోటుకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు, చేప కనిపించాక అదీ ఆపేసి పొడవాటి గెడతో నెడతాడు. మా ఇద్దరి కళ్ళజోళ్ళు తీయించి పోలరైజ్డ్ అద్దాలు పెట్టించాడు, అవి లేకుండా నీటి మీది మెరుపు దాటి చూడలేం. దారం ఎనిమిది పౌన్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్, నీళ్ళలో తొందరగా కనిపించని రకం. ఎర మెత్తటి ప్లాస్టిక్ పురుగు, ముదురాకుపచ్చది, బరువు ఏమీ కట్టకుండా. దాన్ని చేప మీదికి విసరకూడదు, ఎగువన దూరంగా వేసి ప్రవాహమే దాన్ని చేప ముందుకు తీసుకెళ్ళేలా వదలాలి, ఈలోగా చేతులు ఊపకూడదు, నిలబడి అటూ ఇటూ కదలకూడదు. ఈ ఒక్క విషయం ఒంటబట్టడానికే మాకు గంట పైన పట్టింది, ఆయన విసుక్కోలేదు.

బోట్లు కట్టే ఒక పాత చెక్క డాక్ నీడలో నాలుగు పౌన్లుండే బాస్ ఆగి ఉంది. పురుగు నెమ్మదిగా దిగుతూ దానికి జానెడు దూరంలోకి వచ్చింది. చేప తిరిగి చూసింది, రెక్కలు మాత్రం ఆడిస్తూ దాని వెనకే కాస్త కిందికి దిగింది. అంతలో మొప్పలు ఒక్కసారి విచ్చుకున్నాయి, పురుగు లేదు. కొరకదు అది, నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేసుకుంటుంది. చేతికి ఏమీ తగల్లేదు, దారం మాత్రం పక్కకు జరుగుతోంది. "ఇప్పుడు!" అన్నాడు గైడు. ఊళ్ళో చెరువు గట్టున కప్పను ఎరగా వేసి కొరమీను పట్టినవాళ్ళకు ఆ తర్వాతి లాగుడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అయితే కొరమీను పట్టేటప్పుడు ఇదంతా మురికి నీళ్ళ కింద జరుగుతుంది, ఇక్కడ మొత్తం కళ్ళ ముందే చూస్తాం.

చేపను తీసేముందు చెయ్యి తడుపుకోమన్నాడు, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుందట. పెద్ద చేపను దవడ పట్టుకుని వేలాడదీయనివ్వడు, రెండో చెయ్యి పొట్ట కింద ఉండాల్సిందే. ఒక ఫొటో, వెంటనే నీళ్ళలోకి. "ఇంత కష్టపడి పట్టి వదిలేయడమేంట్రా?" అన్నాడు బావ. రూలు ప్రకారం మనిషికి రోజుకు ఐదు బాస్‌లు ఉంచుకోవచ్చు, వాటిలో 16 అంగుళాలు, ఆ పైన ఉన్నది ఒక్కటే ఉండాలి. కానీ ఇంత చిన్న నదిలో పెద్ద ఆడ చేపలను వండుకుంటూ పోతే రెండేళ్ళలో చూడటానికి కూడా మిగలవు. ఫ్లోరిడా బాస్ బాగా పెద్దగా పెరిగే రకమనే టెక్సస్, కాలిఫోర్నియా వాళ్ళు కూడా తెచ్చి తమ చెరువుల్లో వేసుకున్నారు. ఎనిమిది పౌన్లు దాటినదాన్ని తూకం కనిపించేలా ఫొటో తీసి వదిలేస్తే రాష్ట్రం వాళ్ళ ట్రోఫీక్యాచ్ పథకంలో నమోదు చేసి బహుమతి కూడా ఇస్తారు. గూడు కాస్తున్న మగ చేప మీదికి మాత్రం ఈ గైడు ఎర వేయనివ్వలేదు, ఎంత కళ్ళ ముందున్నా సరే. అందుకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

సగం రోజుకు 350 డాలర్లు, టిప్ వేరే. ఇద్దరికీ కలిపే కాబట్టి ఎక్కువనిపించలేదు. లైసెన్సు మాత్రం ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, మంచినీటి వేటలో గైడు లైసెన్సు మనకు వర్తించదు. ఫ్లోరిడాలో ఉండేవాళ్ళకు ఏడాదికి 17 డాలర్లు, బయటి రాష్ట్రాల వాళ్ళకు అదే 17 డాలర్లకు మూడు రోజులకే వస్తుంది. పదహారేళ్ళలోపు పిల్లలకు అక్కర్లేదు.

బస విషయానికొస్తే, మేము మొదటిసారి ఒకాలా అనే ఊళ్ళో హోటల్ తీసుకున్నాం. గది బాగుంది, తెలుగువాళ్ళు తినే తిండి కూడా చుట్టుపక్కల దొరికింది, కానీ చీకట్లో లేచి అంత దూరం డ్రైవ్ చేయాలంటే నిద్ర మొత్తం పాడు. రెండోసారి నది ఒడ్డున డాక్ ఉన్న అద్దె ఇల్లు ఒకటి తీసుకున్నాం, ఖరీదు చాలా ఎక్కువ, పైగా కయాక్‌లు ఉచితమని రాసి తెడ్లు మాత్రం తాళం వేసిన గదిలో పెట్టారు, ఫోన్ చేస్తే సాయంత్రానికి గానీ ఎవరూ రాలేదు. పిల్లలు డాక్ మీద పడుకుని తాబేళ్ళను, నీటి పిల్లులను చూస్తూ గడిపేశారు, అది మాత్రం బాగుంది. నన్నడిగితే రెయిన్‌బో స్ప్రింగ్స్ స్టేట్ పార్కు వాళ్ళ క్యాంప్‌గ్రౌండే మేలు, గుడారం వేసుకోగలిగితే. ఊట ఉన్న ప్రధాన ద్వారం, క్యాంప్‌గ్రౌండ్ వేర్వేరు చోట్ల ఉంటాయి, జీపీఎస్‌లో సరైనది పెట్టుకోండి. శని ఆదివారాలకు చాలా ముందే బుక్ చేయాలి.

నది మీదికి వాడి పారేసే ప్లేట్లు, సీసాలు, డబ్బాలు తీసుకెళ్ళకూడదు, మద్యం కూడా. స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాలో మంచినీళ్ళు తీసుకెళ్ళండి, ఏ ఇబ్బందీ లేదు. ఎలిగేటర్లు ఉన్నాయి, చేపను తాడుకు కట్టి నీళ్ళలో వేలాడదీసే అలవాటుంటే ఇక్కడ వద్దు.

మే నుంచి ఆగస్టు దాకా శని ఆదివారాల్లో బాస్ కోసం వెళ్ళొద్దు. పది గంటలు దాటాక నది నిండా ట్యూబులే, మధ్యాహ్నం ఉరుములు. అక్టోబరు నుంచి మార్చి మధ్యలో, పని దినాల్లో, మొదటి వెలుతురుకే బయల్దేరే గైడును చూసుకోండి. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: బోటు ఎంత పొడవు, ఎన్నింటికి మొదలు, గూళ్ళ మీద వేటాడిస్తారా. మొదటి రెండింటికి తడుముకున్నా, మూడోదానికి అవునన్నా ఇంకొకరిని చూసుకోవడం మంచిది.